వనభోజనముల పంక్తులు

ఏటేట కార్తికమాసము ప్రవేశించినంతనే మన శ్రీకాకుళ విజయనగర మండలములందలి మామిడితోటలును, కొబ్బరితోటలును, సరుగుడుతోపులును జనముతో నిండిపోవును. నాగావళి యొడ్డునను, చంపావతి తీరమునను, ఉసిరిచెట్టు నీడ దొరకిన ప్రతిచోటను ఆదివారమునాడు గాడిపొయ్యిలు త్రవ్వి గుండిగలెక్కింతురు. పిల్లలాడుదురు, స్త్రీలు దీపములు పెట్టుదురు, మధ్యాహ్నమునకు విస్తళ్లు పరచుదురు. పదిమందితో గూడి చెట్టునీడను భుజించుట పుణ్యమని పెద్దలు పెట్టిన యాచారము చక్కనిదే. దానియందు మాకెట్టి విప్రతిపత్తియు లేదు. మమ్ము నిలిపి యాలోచింపజేయునది తోట వాకిట గట్టెడు గుడ్డబోర్డు. వీధిపేరో, ఊరిపేరో, కచేరిపేరో యుండవలసినచోట నేడు కులము పేరుండుచున్నది. ఒక తోటలో నొక కులమువారు, గట్టు దాటిన రెండవ తోటలో మరియొక కులమువారు. భోజనమునకు పిలిచెడు కేక ఈ తోటనుండి ఆ తోటకు వినబడును గాని విస్తరి మాత్రము గట్టు దాటదు. ఎన్నికలు దగ్గరపడినచో నాయకులు తోటతోటకును వచ్చి తలలు లెక్కించి పోవుదురు.

ఇది పూర్వమునుండియు నున్నదే గదా యని కొందరందురు. పంక్తిభేదము పూర్వమునుండియు నున్నమాట నిజమే. కాని కులము పేర చందాలు పోగుచేసి, ఆహ్వానపత్రికలచ్చువేయించి, సెల్‌ఫోనులలో వార్తలంపి, పట్టణమున చదువుకొన్న ఉద్యోగులే ముందు నిలిచి నడపుట మాత్రము ఇటీవలి ముచ్చట. గ్రామమునందలి తాతకు కులమొక కట్టుబాటు; పట్టణమునందలి మనుమనికి అదియొక సంఘము. దానికొక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక రసీదుపుస్తకము. చదువు పెరిగినకొలది ఈ గోడలు వాటంతట నవియే కరగునని మనలో ననేకులు నమ్మియుండిరి. ఆ నమ్మకమునకు గల యాధారమేమో నిదానించి చూడవలసియున్నది.

అసలు మనుష్యుడు తనవంటివానినే యేల వెదకికొనును? ఏ గూటిపక్షి ఆ గూటికే చేరునని మన సామెత. వియ్యమునకైనను కయ్యమునకైనను సమ ఉజ్జీ కావలెనని మరియొకటి. భారతమున ద్రుపదుడు తన బాల్యసఖుడగు ద్రోణుని చూచి, రాజునకును పేదకును స్నేహమేమని త్రోసిపుచ్చెను. దానికి ద్రోణుడు చేసిన ప్రతిక్రియ విచారింపదగినది. శిష్యులచే ద్రుపదుని పట్టితెప్పించి, అతని రాజ్యమున సగము తాను గైకొని, ఇప్పుడు మనము సములము గనుక స్నేహితులము కావచ్చుననెను. దుర్యోధనుడును కర్ణునకు ముందు అంగరాజ్యము కట్టబెట్టి, పిమ్మటనే చెలిమి కోరెను. సాటివారు గానిచో సఖ్యము నిలువదని ఆ కాలమువారును ఎరుగుదురు. కుచేలుని కథ మనకింత ప్రియమగుట అట్టిది లోకమున అరుదగుటచేతనే.

ఈ గుణము మన దేశమునకే చెందినదనుకొనరాదు. పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అను అమెరికా సంఘశాస్త్రజ్ఞులు 1954లో ప్రకటించిన వ్యాసమున దీనికొక పేరు పెట్టిరి. మన భాషలో దానిని సజాతిస్నేహమనవచ్చును. అందు వారు రెండు తెగలను వేరుచేసి చూపిరి. కులము, మతము, చదువు, ధనము మొదలగు స్థితిగతులలో సామ్యమునుబట్టి కలుగు స్నేహమొకటి. తలపులలోను, విలువలలోను సామ్యమునుబట్టి కలుగునది రెండవది. మనవారు తరచుగా మొదటిదానిని చేసి రెండవదాని పేరు చెప్పుదురు. "మా వాడు మంచివాడు" అను మాటలో ‘మంచివాడు’ అనునది ‘మా వాడు’ అనుదానికి వెనుక వచ్చినదో ముందు వచ్చినదో ఎవరికివారు విచారించుకొనవలెను.

అయితే స్నేహమంతయు కోరికవలననే కలుగుననుటయు సరికాదు. లియోన్ ఫెస్టింజరును అతని సహచరులును అమెరికాలో వివాహితులగు విద్యార్థులకు కట్టించిన యిండ్లను పరిశీలించి 1950లో నొక గ్రంథము ప్రకటించిరి. ఆ యిండ్లను ఎవరును పొరుగువారినిబట్టి ఎన్నుకొనలేదు. ఖాళీయైన క్రమమున వచ్చినవానిలో చేరిరి. అయినను ఎవరికెవరు మిత్రులని విచారింపగా ప్రక్కవాకిటివాడే ముఖ్యమిత్రుడని తేలినది. నాలుగు వాకిండ్ల ఆవలివానితో మైత్రి తగ్గిపోయినది. మెట్ల మొదట కాపురమున్నవానికి పైయంతస్తువారితో ఎక్కువ పరిచయము గలిగినది. మైత్రికి మెట్లు కారణమగునన్నచో నవ్వు వచ్చును గాని, మన పట్టణములను చూడుడు. కుమ్మరివీధి, కంసాలివీధి, దేవాంగులవీధి అని వీధులకు పేళ్లు పెట్టి కాపురములుండిన జాతికి ప్రక్కవాకిటివాడెవడై యుండును? వీధిని కట్టినవారు స్నేహమునుగూడ కట్టిరి. ఊరికి దూరముగా పేటలు పెట్టినవారు స్నేహమును దూరముగానే పెట్టిరి.

నేడు క్రొత్తపేటలలో అపార్టుమెంటులు లేచినవి. అచ్చట నైనను వీధిగుణము మారవలసినదే. కాని ఇల్లద్దెకడుగబోయినవానిని ఇంటియజమాని మొదటి రెండు ప్రశ్నలలోపల "మీరేమిట్లు?" అని అడుగకుండుట అరుదు. అడుగువానికి ద్వేషముండనక్కరలేదు; వంటింటి వాసనల మాట చెప్పును, ముసలితల్లి మాట చెప్పును. థామస్ షెల్లింగ్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1971లో చదరంగపు బల్లవంటి గళ్లపై రెండురకముల బిళ్లలను పరచి ఒక విచిత్రమును చూపెను. తన చుట్టునున్నవారిలో మూడవవంతు తనవారుండిన చాలునని మాత్రమే ఒక్కొక్క బిళ్లయు కోరినదనుకొనుడు. ఆ కొద్దిపాటి కోరికతోనే కదలుచు కదలుచు బిళ్లలన్నియు వేర్వేరు గుంపులుగా విడిపోయినవి. పరులు కూడదని ఎవరును కోరలేదు. అయినను పరులు లేని పేటలే ఏర్పడినవి.

సజాతిస్నేహమువలన కలిగిన మేలును మేము మరువము. బొబ్బిలివీణ గొల్లపల్లి సర్వసిద్ధుల యిండ్లలో తండ్రినుండి కొడుకునకు వచ్చినది. ఒకే పనసమ్రానిని తొలిచి వీణచేయు నేర్పు గ్రంథములలో దొరకునది కాదు. పొందూరులో వాలుగచేప దవడతో దూదిని ఏకుట, సన్ననూలు వడకుట తల్లులనుండి కూతుండ్రకు వచ్చినవి. బీదవాడు దూరదేశము పోవునప్పుడు అతనికి తనవాడే దిక్కు. మన కళింగపట్నము, భీమునిపట్నము రేవులనుండి పొగయోడలెక్కి రంగూను పోయిన కూలీలు వేలకువేలు. వారిని మేస్త్రీ తన యూరినుండియు, తన చుట్టుప్రక్కల పల్లెలనుండియు పోగుచేసికొనిపోయెడివాడు. అక్కడ అన్నము పెట్టినవాడును, జబ్బుచేసిన చూచినవాడును, చచ్చిన మోసినవాడును ఊరివాడే. బాకీ కట్టించుకొన్నవాడును వాడే యనుట వేరుమాట.

కాని ఆ రంగూనులోనే 1930 మే నెలలో జరిగినది చదువరులు తెలిసికొనదగినది. రేవులో ఓడసరకులు మోయు తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని పని మానిరి. యజమానులు బర్మీయులను తెచ్చి పనిలో పెట్టిరి. తరువాత తెలుగువారితో రాజీ కుదురగా బర్మీయులను పొమ్మనిరి. ఆ పొమ్మన్న దినమున రేవులో పుట్టిన కలహము పట్టణమంతయు ప్రాకి కొన్నిదినములు సాగినది. నూరుమందికి పైగా హతులైరి. వారిలో అత్యధికులు మనవారు. ఉభయులును మూటలు మోయువారే, ఉభయులును ఆకలిగొన్నవారే. కాని తెలుగువాడు తెలుగువానితోనే పండుకొని, తెలుగువానితోనే తిని, తెలుగుమేస్త్రీ చెప్పినదే విని యుండెను. ప్రక్కనున్న బర్మీయునితో నాలుగుమాటలాడి యెరుగడు. అతడును వీనితో ఆడి యెరుగడు. ఇరువురి నడుమ మాటకలిపెడువాడొకడు లేనిచోట యజమానికి పని సుళువైనది. తనవారితో బిగిసిన కట్టు ఆపదలో కాపాడినమాట నిజమే. ఆ యాపద రాకుండ ఆపుటకు మాత్రము అది పనికిరాలేదు.

మన తీరపు జాలరుల సంగతియు నిట్టిదే. ఊరిలో వేట చాలక గుజరాతులోని వెరావలునకు పోవుదురు. పోయినవాడు బావమరదిని పిలుచును, బావమరది పొరుగువానిని పిలుచును. పడవలోనివారందరు ఒక్క పల్లెవారే యగుదురు. 2018 నవంబరులో పాకిస్థాను వారికి చిక్కిన మన జాలరులలో పెక్కురు శ్రీకాకుళ తీరపు పల్లెలవారు. ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై వచ్చువరకు పదునాలుగు మాసములు ఆ పల్లెలలో చాలయిండ్ల పొయ్యి ఒక్కమారే చల్లబడినది. మరి మూడు మాసములకు మహామారి వచ్చి రాకపోకలు నిలిచినప్పుడు వేలకొలది జాలరులు ఆ వెరావలులోనే చిక్కి, బస్సులమీద ఇల్లు చేరిరి. ఒకరికొకరు అప్పిచ్చుకొనవలసిన చుట్టములందరికిని ఒకేదినమున చేతిలో పైసలేకపోయినచో ఎవరెవరిని ఆదుకొందురు? మార్క్ గ్రానోవెటర్ అను పండితుడు 1973లో వ్రాసిన వ్యాసమున, క్రొత్త పనిని గూర్చిన వార్త మనకు తరచుగా ప్రాణమిత్రునివలనగాక దూరపు పరిచయస్థునివలన అందునని వాదించెను. ప్రాణమిత్రునికి తెలిసినది మనకును తెలిసియే యుండును. మన జాలరిపల్లెలకు వెరావలు దారి చెప్పినవారు చాలమంది గలరు. వేరుదారి చెప్పువాడు తక్కువ.

తనవాడు గానివానితో చేసిన పరిచయమువలన ఏమి ఒనగూడునో తెలియుటకు మన మండలములవారు పరదేశములకు పోనక్కరలేదు. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారును, గురజాడ అప్పారావుగారును విజయనగరములో చదివిననాటి మిత్రులు. ఈ మైత్రి సజాతిస్నేహమే. ఒక కులము, ఒక బడి, ఒక వయస్సు. ఇంతటితో ఆగినచో వారు ఇరువురు మంచి ఉపాధ్యాయులుగా పేరుపొంది యుందురేమో. రామమూర్తిగారు పర్లాకిమిడిలో పాఠశాలలో పనిచేయుచు, సంతకు దిగివచ్చెడు సవరలను చూచిరి. వారి భాష నేర్వవలెనని పట్టుబట్టి, తెలుగును సవరయు తెలిసిన ద్విభాషి నొకని ఇంటనుంచుకొని సంవత్సరములకొలది పరిశ్రమించిరి. వారికొరకు పుస్తకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడులు పెట్టిరి. 1931లో వారి సవరభాషావ్యాకరణము వెలువడినది. కొండవారిని చూచి బెదరువారును, ఎగతాళిచేయువారును నిండిన ఆ దినములలో చదువుకొన్న బ్రాహ్మణగృహస్థుడొకడు ఈ పనికి పూనుట చిన్నమాట కాదు.

ఫలమేమనగా: ఆనాడు సవరభాషకు వ్రాతయే లేదు. దానిని నేర్చువాడు నోటిమాటనే భాషగా గైకొనక తప్పదు. నోటిమాటకు నియమములుండునని, దానిని చెవితో విని కనిపెట్టవచ్చునని రామమూర్తిగారికి తెలిసినది. ఈ చెవితో తిరిగివచ్చి తెలుగును వినిరి. ఇక రెండవ అన్యుని మాట వినుడు. 1906 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగా మన మండలములకు వచ్చిన యేట్స్ దొర, పుస్తకములోని తెలుగునకును వీధిలోని తెలుగునకును ఇంత దూరమేల యని అడిగెను. తెలుగు పండితులలో నొక్కడును అదివరకు ఈ ప్రశ్న గట్టిగా వేయలేదు. పండితుడు పండితునితోనే మాటాడును. ఇద్దరికిని తెలిసినది వారికి వింతగా తోచదు. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షుడగు పి. టి. శ్రీనివాసయ్యంగారు తమిళులు, వారును ఈ చర్చలో కలిసిరి. ఒక ఇంగ్లీషువాడు, ఒక తమిళుడు, సవరల గురువొకడు, కన్యాశుల్కము వ్రాసిన కవి యొకడు కలిసినచోట వ్యావహారికభాషోద్యమము పుట్టినది. గ్రాంథికమున వ్రాయు పత్రిక ఆ యుద్యమమును కొనియాడుచున్నదని చదువరులు నవ్వుకొనవచ్చును. మాకు భాషపై మక్కువయున్నంత మాత్రమున చరిత్రను మరుగుపరచజాలము.

విజయనగర సంగీతకళాశాల కథ రెండువైపులను చూపును. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా అది వెలసినప్పుడు ఇరువదియారేండ్ల ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట వాయులీనాచార్యులైరి, 1936లో అధ్యక్షులైరి. కమాను పట్టిన చేతిని చూచి పీఠమిచ్చిరి గాని వంశమును చూచి కాదు. ఆ కళాశాలకే కృష్ణామండలమునుండి వచ్చిన పేదబాలుడు ఘంటసాల వేంకటేశ్వరరావు మధుకరమెత్తి పొట్టపోసికొని చదివెను. అన్నము పెట్టిన ఆ తల్లులకు తెలుగుదేశమంతయు ఋణపడియున్నది. కాని ఆ దినములలోనే కంఠమున అంత మాధుర్యము గల దళితబాలుడొకడు ఈ పట్టణమున జోలెపట్టియున్నచో అతనికి ఏ వాకిలి తెరువబడియుండును? వారములిచ్చుట, మధుకరము పెట్టుట దయయే. ఆ దయకు హద్దు ఉండెను. నేటి కులసంఘములు విద్యార్థివేతనములిచ్చుచున్నవి, వసతిగృహములు నడుపుచున్నవి. పుచ్చుకొన్న పిల్లవాడు బాగుపడుచున్నాడు. దానికి మేము సంతసింతుము. అయితే ధనికులు గల కులమునకు సంఘము గలదు, భవనము గలదు. ధనికులు లేని కులమునకు రసీదుపుస్తకము మాత్రమే గలదు. తనవారికే పెట్టవలెనను ధర్మము కలవారియింటనే ధర్మమును నిలుపుచున్నది.

అంకెలు చూతము. 2019-20లో ప్యూ పరిశోధన సంస్థవారు దేశమున సుమారు 30,000 మందిని విచారించి 2021లో ప్రకటించినదానినిబట్టి, తమ ఆప్తమిత్రులందరును స్వకులమువారే అన్నవారు నూటికి 24 మంది. చాలవరకు స్వకులమువారే అన్నవారు 46 మంది. 2011-12 నాటి భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతరవివాహములు నూటికి ఇంచుమించు అయిదు. ఇంటికి పిలువని కులమునుండి పిల్లనెవరు తెచ్చుకొందురు?

దీనికి శాసనము చేయుడని అడుగువారు గలరు. న్యాయస్థానములను కొంత ఎరిగినవారము గనుక చెప్పుచున్నాము. అస్పృశ్యతను రాజ్యాంగము 17వ అధికరణమున నిషేధించినది. 1954 నాటి ప్రత్యేకవివాహచట్టము కులమతములతో పనిలేక పెండ్లి చేసికొననిచ్చినది; ముప్పదిదినముల నోటీసు అను ముల్లును దానికే తగిలించినది. కాని సంఘములుగా ఏర్పడు స్వేచ్ఛను 19వ అధికరణము అందరికిని ఇచ్చినది. 2005లో జొరాస్ట్రియను సహకార గృహనిర్మాణసంఘపు వ్యాజ్యెమున, తమ మతమువారికే సభ్యత్వమను నిబంధన చెల్లునని సుప్రీముకోర్టువారు తీర్పుచెప్పిరి. ఆ తీర్పు మాకు రుచింపదు. అయినను అది యున్నది. బావిని తెరపించుటకు చట్టము చాలును. విస్తరి ప్రక్కన విస్తరి వేయించుటకు అది చాలదు.

మనుష్యులను ఒకచోట పోగుచేసినంతనే కలియుదురనుటయు భ్రాంతియే. దసరా వెళ్లిన మంగళవారము విజయనగరమున పైడితల్లి సిరిమాను తిరుగును. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలిరథము, తెల్లయేనుగు; ఒక్కొక్కదానికి తన హక్కు, తన వంతు. లక్షలమంది ఒకే వీధిలో భుజము భుజము రాచికొందురు. చూడముచ్చటయగు ఉత్సవము. మరునాడెవరివాడకు వారు. ఎవరి వంతు వారిదైన కూటమిలో ఎవరును ఎవరితోను మాటాడవలసిన పనిలేదు.

పనిలో కలిసినప్పుడు మాత్రమే వేరుఫలము కనబడుచున్నది. మాథ్యూ లో అను అర్థశాస్త్రజ్ఞుడు ఉత్తరప్రదేశమున పల్లె యువకులు 1,261 మందితో క్రికెట్టు పోటీలు నడపెను. కొన్ని జట్లు ఒకే కులమువారివి, కొన్ని చీట్లువేసి కలిపినవి. కలగలుపు జట్టులో ఆడినవారికి పరకులమిత్రులు పెరిగిరి. పరకులమువారిని ఎదుటిజట్టులో మాత్రమే చూచినవారి సంగతి అట్లు కాలేదు, స్నేహము తగ్గినది. 2021లో వెలువడిన ఈ ఫలితము మా కులసంఘముల క్రీడాపోటీల పెద్దలకు చదివి వినిపింపదగినది. ఢిల్లీలో ధనికుల పాఠశాలలందు పేదపిల్లలకు చోటీయవలెనని 2007లో నిబంధన రాగా, గౌతమ్ రావు అను పండితుడు విచారించి, పేదలతో కలిసి చదివిన ధనికబాలురు దాతృత్వమున హెచ్చిరనియు, పేదవానితో కలిసి ఆడుటకు వెనుదీయరైరనియు చూపెను. తల్లిదండ్రులు భయపడినంత నష్టము చదువునకు కలుగలేదు.

వ్యాయామశాల ఒకప్పుడు మనకట్టి స్థలము. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున సాము నేర్చి లోకప్రసిద్ధులైరి. గోదాలో దిగినవానికి ఎదుటివాని పట్టు తెలియవలెను గాని గోత్రముతో పనిలేదు. పఠనమందిరమును అట్టిదే కావలెను. ఒక పత్రిక ఇద్దరు చదువవలసివచ్చినప్పుడు మొదటివాడు తాను చదివినది రెండవవానికి చెప్పక మానడు. ఇప్పుడు ఎవరి సెల్‌ఫోను వారిచేతనున్నది. అందులోను ఎవరి కులపు గుంపు వారిదే.

కావున ఈ కార్తికమునకు పఠనమందిరముల కార్యవర్గములకు మేమొక సూచన చేయుచున్నాము. కులతోటలకు పోవువారిని పోనిండు. వాదులాడి ప్రయోజనము లేదు. ఆ మాసముననే ఒక ఆదివారము మందిరము పక్షమున వనభోజనమేర్పరుపుడు. చందా తలకింతయని గాక ఇచ్చుకొన్నంతయని వ్రాయుడు. కూలివాడు భార్యాబిడ్డలతో రావలెనన్న నిదియే దారి. వడ్డించుట, నీళ్లుతోడుట, కూరలు తరుగుట చీట్లువేసి జట్లుగా పంచుడు. ఒక్కొక్క జట్టులో వేర్వేరు వీధులవారుండవలెను. వంట ఎవరిదను ప్రశ్న తప్పక వచ్చును. అది తోటలో గాక ముందుగా సభ్యుల సమావేశముననే తేలవలెను. వంటవాని కులము విని లేచిపోవువారు అచ్చటనే లేచిపోవుట మేలు. కొండగ్రామముల సవర, జాతాపు విద్యార్థులు మన పట్టణ వసతిగృహములలో అనేకులున్నారు. పండుగదినమున వారిని పిలిచినవారెవరో మేమెరుగము. ముందు వారికి కబురుపెట్టుడు. వచ్చువారి పేళ్లు వ్రాయు పుస్తకములో పేరునకెదురుగా వీధిపేరు వ్రాయుటకు మాత్రమే గడి యుండవలెను. మన మండలములలో ఇంటిపేరు వినగానే తక్కినదంతయు చెప్పగల పెద్దలు గలరు గనుక, ఇంటిపేరు వ్రాయకున్నను కొదవలేదు.